కిల్పెక్ గ్రామ దేవాలయ శిల్పములు: మనము చదువుచున్నామా, చదివించుచున్నామా?

1. పరిచయము

సంఘ చరిత్ర తరగతిలో మధ్యయుగపు దేవాలయ కళను గూర్చి బోధించవలసి వచ్చినప్పుడు, ఇంగ్లాండులోని కిల్పెక్ గ్రామ దేవాలయపు ఛాయాచిత్రములను కొన్నింటిని మేము విద్యార్థులకు చూపించాము. జీవవృక్షము చూపించాము, అపొస్తలులను చూపించాము, సిలువను మోయుచున్న గొఱ్ఱెపిల్లను చూపించాము. ఒక చిత్రమును మాత్రము ముందుగానే తీసి ప్రక్కన పెట్టాము. అది ఒక నగ్న స్త్రీ యొక్క వికృతమైన ప్రతిమ. ఆ దేవాలయమును గూర్చి స్వయముగా చదువుకొని వచ్చిన ఒక విద్యార్థి లేచి, "అయ్యగారూ, ఆ స్త్రీ బొమ్మ ఎందుకు చూపించలేదండి? అది కూడా దేవుని మందిరము గోడ మీదనే ఉంది గదా?" అని అడిగాడు. తరగతి నవ్వింది. మాకు వెంటనే జవాబు తోచలేదు.

ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు. కిల్పెక్ శిల్పములను గూర్చి పండితులు ఎన్నో వ్యాఖ్యానములు చేశారు, బోధకులు ఎన్నో ప్రసంగములు కట్టారు. వాటిలో ఏది నిలుచును, ఏది నిలువదు అని పరిశీలించుట మా ఉద్దేశము. మేము ఆ గ్రామమునకు వెళ్ళినవారము కాము. ప్రచురింపబడిన చిత్రములను, పరిశోధనలను ఆధారము చేసికొని వ్రాయుచున్నాము. లేఖన భాగమును మనకు నచ్చిన ముక్కలుగా కోసి బోధించకూడదని ప్రసంగశాస్త్రములో నేర్పే మనము, రాతిని అట్లు కోసి చూపించవచ్చునా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

2. చారిత్రక నేపథ్యము

కిల్పెక్, హెరెఫర్డ్ నగరమునకు నైరుతి దిక్కున సుమారు 9 మైళ్ళ దూరములో, వేల్స్ సరిహద్దుకు దగ్గరలో ఉన్న చిన్న గ్రామము. ఆ ప్రాంతమునకు ఆర్చెన్‌ఫీల్డ్ అని పేరు. అది అంతకు పూర్వము ఎర్గింగ్ అనబడిన బ్రిటను జాతివారి రాజ్యము. నార్మనులు 1066లో ఇంగ్లాండును జయించుటకు ఎంతో ముందే అక్కడ క్రైస్తవ విశ్వాసము వేరూనియున్నది. 1086లో వ్రాయబడిన డోమ్స్‌డే గ్రంథము ఈ ప్రాంతములోని రాజు ఆలయముల గురువులను గూర్చి ఆసక్తికరమైన సంగతి చెబుతుంది. వారు వారమునకు రెండు మార్లు రాజు కొరకు ఆరాధన జరిపించుటయే గాక, రాజు వర్తమానములను వేల్స్ దేశములోనికి మోసికొనిపోవలెను. అనగా అక్కడి కాపరి రెండు భాషల మధ్య, రెండు అధికారముల మధ్య నిలిచినవాడు.

నార్మను విజయము తరువాత ఈ గ్రామము విలియమ్ ఫిట్జ్ నార్మన్ అను దొర చేతికి వచ్చింది. ఇప్పుడున్న దేవాలయము అతని కుమారుడైన హ్యూ కాలములో, సుమారు 1140 ప్రాంతములో కట్టబడినదని సాధారణముగా అంగీకరింపబడుచున్నది. దేవాలయమునకు పడమట, కూతవేటు దూరములోనే దొరగారి కోట ఉండేది. దాని మట్టిదిబ్బ, శిథిలమైన గోడముక్కలు నేటికిని ఉన్నవి. గ్లాస్టర్‌లోని సెయింట్ పీటర్ మఠపు చరిత్ర ప్రకారము హ్యూ 1134లో కిల్పెక్‌లోని దావీదు ఆలయమును, కోటలోని మరియమ్మ ప్రార్థనాలయమును ఆ మఠమునకు దానము చేశాడు. నేడు ఈ దేవాలయము మరియ, దావీదు అను ఇద్దరి పేర్ల మీద ఉన్నది.

ఆ కాలము నెమ్మదిగల కాలము కాదు. 1135లో మొదటి హెన్రీ మరణించిన తరువాత, స్టీఫెన్‌కును మటిల్డాకును మధ్య సింహాసనము కొరకు చాలా యేండ్లు అంతర్యుద్ధము జరిగింది. హెరెఫర్డ్ ప్రాంతము ఆ యుద్ధములో నలిగిపోయింది. ఇట్టి సమయములో ఒక పల్లెటూరికి ఇంత శిల్పసంపద ఎట్లు వచ్చినది?

దీనికి జవాబు ఉత్తరముగా ఉన్న షాబ్డన్‌లో దొరుకుతుంది. హ్యూ మోర్టిమర్ అను ప్రభువు వద్ద కార్యనిర్వాహకుడైన ఆలివర్ డి మెర్లిమండ్, స్పెయిను దేశములోని శాంటియాగో డి కంపోస్టెలాకు యాత్ర చేసివచ్చి, షాబ్డన్‌లో ఒక దేవాలయము కట్టించాడు. అక్కడ పనిచేసిన శిల్పుల పనితనము కిల్పెక్‌లోను, రౌల్‌స్టన్‌లోను, ఈర్డిస్లీ, కాజిల్ ఫ్రోమ్ గ్రామముల బాప్తిస్మపు తొట్లమీదను కనిపిస్తుంది. ఈ బృందమునకు పండితులు హెరెఫర్డ్‌షైర్ శిల్పసంప్రదాయమని పేరు పెట్టారు. యాత్రామార్గములో చూచిన ఫ్రెంచి, స్పానిషు రీతులు, ఉత్తర ఐరోపా వారి సర్పముల అల్లికలు, స్థానిక పనివారి చేతివాటము, ఈ మూడును వారి పనిలో కలిసిపోయినవి. దొర పేరు, కార్యనిర్వాహకుని పేరు మనకు తెలియును. ఉలి పట్టినవాని పేరు ఒక్కటియు మిగులలేదు.

3. దక్షిణ ద్వారము

దేవాలయము చిన్నది. సంఘము కూడుకొను భాగము, దాని తరువాత చాన్సెల్, చివర బలిపీఠముండు అర్ధవృత్తాకారపు గర్భభాగము: ఇవి మూడును ఒకే వరుసలో ఉన్నవి. మందమైన గోడలు, చిన్న కిటికీలు, గుండ్రని కమానులు రోమనెస్క్ శైలికి గుర్తులు. రాయి ఆ ప్రాంతములో దొరకే ఎర్రని ఇసుకరాయి. సంపదయంతయు దక్షిణ ద్వారము చుట్టును, పడమటి కిటికీ చుట్టును, చూరు క్రిందను, లోపల చాన్సెల్ కమాను వద్దను పోసినట్లున్నది.

ద్వారమునకు ఇరుప్రక్కల జంట స్తంభములున్నవి. వెలుపలి స్తంభములమీద సర్పములు ఒకదాని తోక ఒకటి మ్రింగుచు వరుసగా దిగుచున్నవి. ఎడమవైపు లోపలి స్తంభముమీద వదులైన నిలువు చారల వస్త్రములు ధరించిన ఇద్దరు యోధులు తీగలలో చిక్కుకొని ఒకరిపై నొకరు నిలిచియున్నారు. కుడివైపు లోపలి స్తంభముమీద ఆకుల నడుమ పక్షులున్నవి. ఆ స్తంభశిరమున ఒక ముఖము నోటినుండి తీగలను వెళ్ళగ్రక్కుచున్నది. పై కమాను రాళ్ళమీద పక్షులు, మృగములు, లోకములో ఎక్కడను లేని జంతువులు ఉన్నవి. వీటన్నిటి నడుమ, తలుపు పైనున్న అర్ధచంద్రాకార ఫలకముమీద, గుత్తులు కాచిన ఒక చెట్టు ఉన్నది. అది జీవవృక్షమని దాదాపు అందరి అభిప్రాయము.

ఈ చెట్టు విషయములో ఒక సంగతిని మనము తప్పక గమనించవలెను. ఆ శతాబ్దములో గొప్ప దేవాలయముల తలుపులపైన సాధారణముగా ఏమి చెక్కేవారు? ఫ్రాన్సులోని ఓటన్‌లోను, కాంక్‌లోను కడవరి తీర్పు ఉన్నది. మహిమలో ఆసీనుడైన క్రీస్తు కుడివైపున రక్షింపబడినవారు, ఎడమవైపున నరకమునకు ఈడ్వబడువారు. కిల్పెక్ శిల్పుల బృందమునకు మహిమాన్విత క్రీస్తును చెక్కుట రాక కాదు. దగ్గరలోని రౌల్‌స్టన్ ద్వారముపైన వారు దూతలు ఎత్తిపట్టుకొన్న క్రీస్తును చెక్కియున్నారు, షాబ్డన్‌లోను చెక్కియున్నారు. కనుక కిల్పెక్‌లో చెట్టును పెట్టుట చేతకానితనము కాదు, ఎవరో ఆలోచించి చేసిన ఎంపిక.

ఈ ఎంపికను మేము వేదాంతపరముగా విలువైనదిగా ఎంచుచున్నాము. ఆదికాండము 3వ అధ్యాయము చివర జీవవృక్షమునకు పోవు మార్గము మూయబడినది. ప్రకటన 22వ అధ్యాయములో అది తిరిగి తెరువబడినది. యోహాను 10:9లో ప్రభువు తానే ద్వారమని చెప్పాడు. చెట్టు క్రింద తలుపు పెట్టినవాడు ఈ మూడు మాటలను ఒక్కచోట చేర్చాడు. యుద్ధములో ఇల్లు కాలిన రైతు ఆ తలుపు దగ్గరకు వచ్చినప్పుడు, అతని తలపైన న్యాయాధిపతి లేడు, పండ్లు కాచిన చెట్టున్నది. ద్వారము ప్రక్కన యోధులు తీగలలో చిక్కుపడియున్నారు. వారు పాపములో చిక్కినవారా, లేక ద్రాక్షావల్లిలో నిలిచినవారా అని పండితులు వాదించుచునే ఉన్నారు. ఆ వాదము తేలకపోయినను చెట్టు అర్థము చెడదు.

4. చూరు క్రింది లోకము

గోడపై అంచున, చూరు క్రింద, దేవాలయము చుట్టును రాతి మొనలు పొడుచుకొని వచ్చియున్నవి. కార్బెల్ అనబడు ఈ చెక్కిన మొనలు నేడు 85 మిగిలియున్నవి. వాటిలో సిలువతో నున్న గొఱ్ఱెపిల్ల ఉన్నది. కుక్కయు కుందేలును ఒకదాని ప్రక్క నొకటి తలలు ఆనించుకొని అమాయకముగా చూచుచున్నవి. తంతివాద్యము వాయించువాడు, కలియబడిన జంట, పొట్టేలు తల, ఎలుగుబంటి, పక్షులు, వికారపు ముఖములు ఉన్నవి. గర్భభాగపు వెలుపలి గోడమీద, విద్యార్థి అడిగిన ఆ స్త్రీ ఉన్నది. ఇట్టి ప్రతిమలకు షీలా నా గిగ్ అని పేరు. ఐర్లండు, బ్రిటను దేశములలో ఇవి చాలాచోట్ల ఉన్నను, కిల్పెక్‌లోనిది అందరికిని ఎక్కువగా తెలిసినది.

వీటిని గూర్చిన వ్యాఖ్యానములు ముఖ్యముగా మూడు విధములు.

(అ) ఇవి అన్యమత శేషములు అను అభిప్రాయము. పాత దేవతలు క్రైస్తవ గోడలమీద దాగియున్నారని, షీలా ఒక సంతాన దేవతయని కొందరు వ్రాశారు. ఇది జనులకు బాగా నచ్చిన మాట. అయితే ఆధారము బలహీనము. ఇట్టి నగ్న ప్రతిమలు ఫ్రాన్సు, స్పెయిను దేశములలోని 11, 12 శతాబ్దముల రోమనెస్క్ దేవాలయములమీద విస్తారముగా ఉన్నవని ఆంథొనీ వీర్, జేమ్స్ జెర్మన్ 1986లో ప్రచురించిన గ్రంథములో చూపించారు. అట్లయితే ఇది పాత మతము నుండి దాగి వచ్చినది కాక, దేవాలయ శిల్పులతో ప్రయాణము చేసివచ్చిన రూపమని చెప్పుట న్యాయము.

(ఆ) ప్రతి బొమ్మయు ఒక బోధయే అను అభిప్రాయము. 1842లో ఈ దేవాలయపు చిత్రములను గీసి ప్రచురించిన జార్జ్ రాబర్ట్ లూయిస్, శిల్పములన్నిటిలో ఒక క్రైస్తవ పథకమును చూపింపజూచాడు. వీర్, జెర్మన్ కూడా షీలాను కామమునకు వ్యతిరేకమైన హెచ్చరికగా అర్థము చెప్పారు. ఇది బోధకులమైన మనకు మిక్కిలి అనుకూలమైన వ్యాఖ్యానము. కాని కుక్కయు కుందేలును ఏ పాపమునకు హెచ్చరిక? వాటిని చూచినవాడు మొదట నవ్వును, పశ్చాత్తాపపడడు. షీలా అర్థమును చెప్పు మధ్యయుగపు వ్రాత యేదియు మన చేతిలో లేదు. హెచ్చరిక అనుట ఒక మంచి ఊహ, అంతకంటె ఎక్కువ కాదు.

(ఇ) ఇవి కేవలము అలంకారము అను అభిప్రాయము. శిల్పి తోచినది చెక్కాడు, అర్థము వెదకవద్దని కొందరందురు. ఇది జాగ్రత్తగల మాటవలె కనబడును. కాని గొఱ్ఱెపిల్ల సిలువను మోయుచున్నప్పుడు అర్థము లేదనుటకు వీలులేదు. ఒకే వరుసలో అర్థము స్పష్టముగా ఉన్నవి, మసకగా ఉన్నవి, బహుశా లేనివి కలిసియున్నవి.

మేమును ఒక వ్యాఖ్యానమును కట్టుకొని తరగతిలో బోధించాము. వెలుపల లోకము, ద్వారమందు క్రీస్తు, లోపల పరిశుద్ధత అని మూడు మెట్లుగా చెప్పాము. మూడు అంశముల ప్రసంగమునకు అది ఎంతో చక్కగా అమరింది. అయితే షీలా ఎక్కడున్నది? బలిపీఠమునకు అతి దగ్గరి గోడ అయిన గర్భభాగపు గోడమీదనే ఉన్నది. వెలుపలి లోకము అంతకంతకు వెనుకబడిపోవుచున్నదని మేము చెప్పిన వరుస అక్కడ విరిగిపోవుచున్నది. ఆ చిత్రమును మేము ప్రక్కన పెట్టుటకు సిగ్గు ఒక్కటే కారణము కాదని ఇప్పుడు ఒప్పుకొనవలెను. అది మా ప్రసంగమును చెడగొట్టుచున్నది. ఇది రాతిని చదువుట కాదు, మా మాటను రాతిచేత చదివించుట.

ఇప్పుడు మరియొక శోధన కలుగుచున్నది. ప్రభువు గవిని వెలుపల శ్రమపడెనని హెబ్రీ పత్రిక 13:12 చెప్పుచున్నది గనుక, అవమానము బలిపీఠమునకు దగ్గరగా పెట్టబడినదని వెంటనే ఒక క్రొత్త ప్రసంగము కట్టవచ్చు. అది సత్యమైన సువార్తయే. కాని ఆ శిల్పి దానినే ఉద్దేశించెనని చెప్పుటకు మాకు హక్కు లేదు. 148వ కీర్తన సముద్రపు మకరములను, మృగములను, ప్రాకు జీవులను స్తుతికి పిలుచుచున్నది. ఈ చూరు క్రింద సృష్టి అంతయు, మనకు అర్థమైనదియు కానిదియు, దేవుని మందిరమును చుట్టుకొనియున్నదని మాత్రము నిర్భయముగా చెప్పవచ్చును.

5. లోపలి భాగము

లోపల అడుగుపెట్టగానే వెలుపలి సందడి ఆగిపోవుచున్నది. చాన్సెల్ కమానునకు ఇరువైపుల స్తంభములమీద ఒకరిపై నొకరుగా ముగ్గురేసి పరిశుద్ధులు నిలిచియున్నారు. వారిలో తాళపుచెవి పట్టుకొన్న పేతురును గుర్తించగలము. స్తంభముమీదనే మనుష్యులను నిలువుగా చెక్కు ఈ రీతిని శాంటియాగోలోని దక్షిణ ద్వారముతో పండితులు పోల్చారు. గలతీ 2:9లో అపొస్తలులు స్తంభములుగా ఎంచబడిరను మాటను శిల్పి అక్షరాల చెక్కినట్లున్నది. ఆ కమాను గుండా చూచినప్పుడు మూడు చిన్న కిటికీల వెలుగు, వాటిపైన రాతి వాసములు కలిసియున్న గర్భభాగపు కప్పు కనబడును. ఆ వాసములు కలియుచోట చిన్న తలలు చెక్కబడియున్నవి. ఇక్కడ రాయి తక్కువ మాటలాడుచున్నది. ద్వారమునకు అంత శ్రమపడిన చేయి ఇక్కడ ఆగుట ఎరిగినది. ఈ నిగ్రహము మా దృష్టిలో కిల్పెక్ కళ యొక్క శ్రేష్ఠగుణము.

6. బెర్నార్డు ప్రశ్న

క్రీ.శ. 600 ప్రాంతములో రోమా బిషప్పు గ్రెగరీ, ప్రతిమలను పగులగొట్టిన మార్సెయిల్ బిషప్పు సెరెనస్‌కు వ్రాసిన పత్రికలలో, వాటిని ఆరాధించుట తప్పేగాని, చదువు రానివారు గోడలమీద చూచి నేర్చుకొనుట మేలని వాదించాడు. దేవాలయ కళను సమర్థించువారు నేటికిని ఈ మాటనే చెప్పుదురు. కాని కిల్పెక్ ఈ వాదమునకు పూర్తిగా లోబడదు. చదువు వచ్చిన పండితులకే అర్థము తేలని బొమ్మలు చదువు రానివానికి పుస్తకము ఎట్లగును?

క్లేర్‌వో బెర్నార్డు సుమారు 1125లో వ్రాసిన తన వాదన పత్రములో రెండు ప్రశ్నలు వేశాడు. చదువుకొను సన్యాసుల కన్నుల ఎదుట ఈ వికార మృగములకు పని ఏమి అన్నది మొదటిది. గోడలు మెరయుచుండగా బీదలు దిగంబరులై ఉండుట తగునా అన్నది రెండవది. మొదటి ప్రశ్న మఠములను గూర్చినది. సామాన్య జనులుండు దేవాలయముల విషయములో అతడే కొంత సడలింపు ఇచ్చాడు. అది కిల్పెక్‌కు నేరుగా తగలదు. రెండవది తగులును. కోట కట్టిన చేతులే ఈ దేవాలయమును కట్టించినవి. దాని ఆదాయము దూరపు మఠమునకు దానమైనది. వేల్స్ భక్తుడైన దావీదు పేరుమీదనున్న పాత ఆలయస్థలము నార్మను దొర నీడలోనికి వచ్చింది. ఆ ద్వారపు అందమును మెచ్చుకొనునప్పుడు ఈ సంగతిని మరచుట విమర్శ కాదు, పొగడ్త. అయినను దాత ఉద్దేశము శిల్పి పనిని పూర్తిగా మ్రింగలేదు. దొర కీర్తి కొరకు కట్టించియుండవచ్చును, కాని తలుపుపైన దొర లేడు, చెట్టున్నది.

7. నిలిచినదియు నశించినదియు

1643లో ఇంగ్లాండు పార్లమెంటు విగ్రహసంబంధమైన గుర్తులను దేవాలయములనుండి తీసివేయవలెనని శాసించింది. అనేక చోట్ల శిల్పములు పగులగొట్టబడినవి. కిల్పెక్ శిల్పములు ఆ కాలమును దాటి నిలిచినవి. రాయి గట్టిది, గ్రామము మారుమూలది. షాబ్డన్ గతి వేరు. అక్కడి దేవాలయమును విగ్రహభంజకులు కూల్చలేదు. 1750వ దశకములో అక్కడివారు నూతన రుచికి తగినట్లు క్రొత్తది కట్టుటకు పాతదానిని తీసివేసి, కమానులను తోటలో అలంకారముగా నిలిపారు. వానకు, మంచుకు ఆ శిల్పములు అరిగిపోయినవి. ద్వేషము చేయని పనిని ఫ్యాషను చేసినది. తన పాత మందిరమును పడగొట్టి పెద్దది కట్టవలెనని తొందరపడు ప్రతి సంఘ కమిటీకి షాబ్డన్ కథ వినిపింపదగినది.

8. ముగింపు

మన తెలుగు ప్రాంతములో ఈ ప్రశ్న క్రొత్తది కాదు. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ దేవాలయము ఐరోపా గోథిక్ రీతిని ఇక్కడ నిలిపినది. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్ దేవాలయములో బిషప్ అజరయ్యగారు ఈ దేశపు నిర్మాణ రీతులను ఆరాధనలోనికి తెచ్చారు. ఏ రీతి పరిశుద్ధమైనది అని మనము నేటికిని వాదించుచున్నాము. యాత్రలో చూచిన రీతిని, స్థానికుల చేతిపనిని ఒకే ద్వారబంధములో కలిపిన కిల్పెక్ ఆ వాదమునకు తీర్పు చెప్పదు గాని, అట్టి కలయిక సంఘమునకు క్రొత్తది కాదని సాక్ష్యమిచ్చును.

మా వాదనను సంగ్రహించి చెప్పుచున్నాము. కిల్పెక్ శిల్పములు దాగిన అన్యదేవతలు కావు, ప్రతి రాయి ఒక ప్రసంగాంశమును కాదు. ద్వారముమీది చెట్టు, కమాను వద్ద అపొస్తలులు స్పష్టముగా మాటలాడుచున్నారు. చూరు క్రిందివి అనేకము మాటలాడవు. స్పష్టమైనదానిని ధైర్యముగా బోధించుట, మౌనముగా ఉన్నదానిని మౌనముగా ఉండనిచ్చుట, రెండును కాపరి పనులే. లేఖనములోని కఠిన భాగముల యెదుట కూడా మనకు ఇదే శిక్షణ కావలెను.

వచ్చే విద్యాసంవత్సరము మేము ఆ తరగతిని మరల తీసికొందుము. ఆ చిత్రమును ఈసారి వరుసలోనే ఉంచుదుము. దాని అర్థమేమని ఎవరైనా అడిగినయెడల, నిశ్చయముగా తెలియదని చెప్పి, అది ఏ గోడమీద ఉన్నదో చూపించుదుము.